ఎరువు పోయిన ఆటగాడు

మన వార్షిక సంచికకు ఆటలను గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరిరి. చదువరులు గెలిచిన కప్పుల పట్టికను, గోలుల లెక్కను ఎదురుచూచుచుందురని యెరుగుదుము. ఆ లెక్కలను వ్యాయామోపాధ్యాయులు వేరొక పుటలో ఇచ్చియున్నారు. మేము వ్రాయబూనినది బంతిని గూర్చి కాదు, ఒక కాగితమును గూర్చి. ఒక జట్టులోని బాలుడు నాలుగు దినములు వేరొక జట్టున ఆడి తిరిగి వచ్చుటకై పోవునపుడు వానివెంట ఏదైన చీటి యుండవలెనా, అక్కరలేదా, ఉండవలెనన్నచో అందేమి వ్రాయవలెను అనునదియే మా ప్రశ్న. ఇదియొక ప్రశ్నయా యని నవ్వినవారిలో ఒకప్పుడు మేమును ఉంటిమి. ఇప్పుడు నవ్వుట మానితిమి. ఎందుకు మానితిమో చెప్పెదము.

ఆటగాని ఇట్లు కొంతకాలమునకై పుచ్చుకొనుటను ఆటల లోకమున లోను అందురు. బ్యాంకులయందు వాడు మాటయు అదియే. తెలుగున మాత్రము అప్పు వేరు, ఎరువు వేరు. అప్పు తెచ్చిన నూరు రూపాయలు వాడుకొని వేరు నూరు రూపాయలిచ్చినను తీరిపోవును. ఎరువు తెచ్చిన నగ అట్లు కాదు. ఆ నగయే, రాయి యూడక, వంకర పోక తిరిగి పోవలెను. కావున ఆటగాడు అప్పు కాడు, ఎరువు. (పొలమున చల్లు ఎరువు కాదని క్రింది తరగతుల పిల్లలకు మనవి.) ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలనిరి. పెండ్లిలో ఎరువు నగ పెట్టుకొన్న ఇల్లాలు భోజనాల పంక్తిలో కూర్చుండియు మాటిమాటికి మెడ తడుముకొనును. పరుల బిడ్డను ఎరువు తెచ్చుకొన్న జట్టు పెద్దలు ఒక్కసారియైన అట్లు తడిమి చూచుకొందురా?

కొత్తపట్నమున ఫుట్‌బాలు ఎట్లాడుదురో పరస్థలముల చదువరులకు చెప్పవలసియున్నది. క్రికెట్టు ఊరూర రాజ్యమేలుచున్న ఈ దినములలో సయితము మన సముద్రపుటొడ్డున బంతిని కాలితో తన్నువారు మిగిలియున్నారు. అల వెనుకకు తగ్గినపుడు గట్టిపడిన తడియిసుకయే వారి మైదానము. నాటుకొన్న రెండు సరుగుడు కొయ్యలే గోలు. వేటకు పోవు కుటుంబముల పిల్లలు ఆ యిసుకపై వట్టికాళ్లతో పరుగులెత్తి అలవాటుపడి, పిదప మన పాఠశాల గట్టినేలపై ఆడునపుడు కాళ్లకు బరువే లేనట్లు పోవుదురు. అట్టివారిలో ఒకడు కొన్నియేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతిలో నుండెను. పేరు వ్రాయము. ముందువరుసలో ఆడెడివాడు, మాటలు తక్కువ.

ఆ యేట సంక్రాంతి సెలవులలో ఒక యూరి యువకులు జరుపు పోటీకి పోవలసిన పొరుగు జట్టువారు ఇద్దరు, సాయంకాలము మోటారు సైకిలుపై మా యింటికి వచ్చిరి. “మాస్టారూ, మా కుర్రాడొకడికి జ్వరం తగిలింది. మీవాణ్ణి మూడు రోజులు ఇప్పించండి, కళ్లలో పెట్టుకొని చూసుకుంటాం” అనిరి. నిజము చెప్పవలెనన్న మాకు గర్వము కలిగెను. మన బాలుడు పరుల కంట పడినాడుగదా యని సంతోషించి సరే యంటిమి. వాని తండ్రి వేటకు పోయియుండుటచే తల్లికి కబురుచేసితిమి. మాస్టారు చెప్పినపుడు ఆమె కాదనునా? వానిని మాత్రము ఎవ్వరును అడుగలేదు. వాడు సంచి భుజమున తగిలించుకొని, మోటారు సైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండి పోయెను.

మొదటి దినము బాగుగ ఆడెనని ఫోనులో తెలిసెను. రెండవ దినము ఆ జట్టు ఓడెను. ఓడిన జట్టు ఇండ్లకు చేరునుగదా, మనవాడును వచ్చుననుకొంటిమి. రాలేదు. వాని ఆట చూచి ముచ్చటపడిన మరియొక జట్టువారు, మరియొక యూర జరుగుచున్న మరియొక పోటీకై, మొదటి జట్టు పెద్దలనడిగి వానిని తీసికొనిపోయిరి. ఎరువు తెచ్చిన నగను ఇంకొకరికి ఎరువిచ్చినట్లయ్యెను. అచ్చట పేర్ల పట్టిక అంతకుముందే ముగించిరట. రాని కుర్రవాడొకని పేరు వీనికి తగిలించి ఆడించిరి. ఆ యాటలో ఇద్దరు ఢీకొనగా మనవాడు భుజముమీదుగా పడెను. మెడకును భుజమునకును నడుమనుండు ఎముక విరిగెను.

పిల్లవాని పెద్దలెవరని ఆసుపత్రివారడిగిరి. రెండవ జట్టువారు మొదటి జట్టువారిని చూపిరి. మొదటివారు, తమ పోటీ ముగిసినదనియు తరువాతి సంగతి తమకు సంబంధింపదనియు పలికిరి. పోటీ జరిపినవారు పట్టిక చూచి, అట్టి పేరుగల బాలుడు తమ పోటీలో ఆడనేలేదనిరి. వారి కాగితము ప్రకారము అది నిజమే. రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట వాని తల్లి మా వాకిట నిలిచి, “మా పిల్లోడు ఏ ఊళ్లో ఉన్నాడు మాస్టారూ?” అని అడిగెను. మా కుత్తరము తెలియలేదు. ఆమె మమ్ము ఒక్క మాట నిందింపలేదు. నిందించినచో మాకు కొంత తేలికగా నుండెడిది.

తెల్లవారకముందే వాడున్న చోటు కనుగొంటిమి. ఖర్చు ఉపాధ్యాయులము తలకొంత వేసికొంటిమి. ఎముక అతికెను. వాడు మరల ఆడెను కూడ. కాని ఆ నడిమి వారములలో బడి తప్పెను, పరీక్షలు సరిగా వ్రాయలేదు. సెలవుదినములందు వల లాగుటకు వాని చేయి ఆసరాయైన ఆ యింటివారు అంతకాలము కూలికి మనిషిని పెట్టుకొనిరి. ఇవి ఏ గోలుల పట్టికలోనికిని ఎక్కవు. అచ్చట ఎవరెవరు తప్పు చేసిరో లెక్కించుట మా యుద్దేశము కాదు. మొదటి తప్పు మాది. మూడు దినములని వారనిరి, మేము వింటిమి. ఏ తేదీ సాయంకాలమని అడుగలేదు.

ఇట్టిది లోకమున మాకొక్కరికే జరుగలేదని తరువాత తెలిసికొంటిమి. ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్యయైన ఫీఫా 1904లో పారిసు నగరమున ఏర్పడినది. వేతనము పుచ్చుకొని ఆడు ఆటగాండ్రను దేశదేశముల క్లబ్బులు ఒకదానికొకటి ఎరువిచ్చుకొను పద్ధతికి అది 2022 జూలై 1వ తేదీనుండి క్రొత్త నిబంధనలు ఏర్పరచెను. ఎరువునకు వ్రాతమూలమైన ఒడంబడిక యుండవలెను. కాలము ఒక సంవత్సరమునకు మించరాదు. ఒక క్లబ్బు వేరొక క్లబ్బునుండి ఒక ఋతువులో ముగ్గురికంటె ఎక్కువమందిని ఎరువు తెచ్చుకొనరాదు. వీనితోపాటు ఇంకొక నిబంధన గలదు. ఎరువు వచ్చిన ఆటగాని, తెచ్చుకొన్న క్లబ్బు మూడవ క్లబ్బునకు మరల ఎరువీయరాదు! ఇది చదివినపుడు మేము కొంతసేపు ఊరక కూర్చుండిపోతిమి. కోట్ల ధనముతో వ్యవహరించు దొరలకును, మోటారు సైకిలుపై వచ్చిన మన పొరుగువారికిని బుద్ధి ఒక్క త్రోవనే నడచుచున్నదన్నమాట. భేదమెక్కడనగా, వారిని ఆపుటకు ఒక పంక్తి వ్రాయబడినది. మనచోట అది లేదు.

చిన్నవారి విషయమున ఫీఫా యింకను కఠినము. 18 ఏండ్లు నిండని బాలుని ఒక దేశమునుండి మరియొక దేశపు క్లబ్బునకు మార్చుట, కొన్ని మినహాయింపులు తప్ప, కూడదు. పదియేండ్ల పిల్లవానికైనను దేశము దాటినచో అంతర్జాతీయ బదిలీపత్రము కావలెను. 2015 వరకు ఈ వయస్సు పండ్రెండుగా నుండెను, తరువాత తగ్గించిరి. ఈ నిబంధనలు గోడకు వ్రేలాడదీయుటకు కావు. 2014 ఏప్రిలులో స్పెయినుదేశపు బార్సెలోనా క్లబ్బు చిన్నవారిని నిబంధనలకు విరుద్ధముగా చేర్చుకొన్నదని తేల్చి, రెండు బదిలీకాలములపాటు క్రొత్త ఆటగాండ్రను నమోదు చేసికొనరాదని ఫీఫా శిక్షించెను. అంతటి క్లబ్బు అప్పీలు చేసియు తప్పించుకొనలేక శిక్ష ననుభవించెను.

ఇదంతయు దేశములు దాటువారి మాట. ఒంగోలు బస్‌స్టాండు దాటని మన పిల్లవానికి ఇందువలన ఏమి? మన దేశమున 1937లో ఏర్పడిన అఖిలభారత ఫుట్‌బాలు సమాఖ్య క్లబ్బుల ఆటగాండ్రను కంప్యూటరుపై నమోదు చేయుచున్నది. బడిపిల్లలకు 1954లో ఏర్పడిన పాఠశాలల క్రీడాసమాఖ్య పోటీలును, 1960లో ఆరంభమైన సుబ్రతో కప్పును గలవు. వీనికి పోవునపుడు పుట్టినతేదీ, ఛాయాచిత్రము, ప్రధానోపాధ్యాయుల సంతకము, పాఠశాల ముద్ర అన్నియు కావలెను. అచ్చట ఒక బడి పిల్లవాడు వేరొక బడి పక్షమున ఆడుటయే లేదు. ఆ కాగితములతో మేము పడు అవస్థ మన కార్యాలయపు గుమాస్తాగారి నడిగిన చెప్పుదురు. ఆ అవస్థ పడియు ఒక మాట ఒప్పుకొనవలెను. కాగితము దండిగానున్న ఆ పోటీలలో మన పిల్లలు ఏడాదికి రెండు మూడు ఆటలాడుదురు. సంక్రాంతి పోటీలు, వేసవి పోటీలు, తిరునాళ్ల పోటీలు, క్రిస్మసు సెలవులలో సంఘముల యువజనులు పెట్టు పోటీలు, మిగిలిన ఆటంతయు వీనియందే. అచ్చట కాగితమను మాటయే లేదు. ఎరువు తెచ్చుటయు, పేరు మార్చుటయు అచ్చటనే.

మేమీ సంగతి ఉపాధ్యాయుల కూటమున ఎత్తినపుడు, మాకు పెద్దలును మిక్కిలి గౌరవనీయులునైన ఒకరు చిరునవ్వు నవ్వి, “మన పొరుగువారి మధ్య పత్రములేమిటండీ! మా తాతగారు కాడెద్దులను బదులిచ్చునపుడు స్టాంపుకాగితము వ్రాయించుకొనిరా?” అనిరి. ఒంగోలు ఎద్దు పుట్టిన గడ్డపై ఈ మాటకు బలమెక్కువ. అప్పటికి మేమును మాటాడలేకపోతిమి. ఇంటికి వచ్చిన పిమ్మట ఉత్తరము తోచినది. ఎద్దును బదులిచ్చిన రైతు సాయంకాలము తానే పొరుగువాని పొలముగట్టునకు పోవును. ఎద్దు మెడ నిమిరి చూచును. కాడి ఒరసి పుండుపడినచో మరునాడు ఈయడు. ఎద్దు చీకటి పడులోపల తన కొట్టమునకు రావలెను. ఇది వ్రాయని ఒడంబడిక, కాని ఒడంబడికయే. మేము మా పిల్లవానికొరకు ఏ గట్టునకును పోలేదు. ఇంకొకటి. ఆ రైతే మిరపబస్తాలను గుంటూరు శీతలగిడ్డంగిలో దాచినపుడు రసీదు పుచ్చుకొనక ఇంటికి వచ్చునా? గిడ్డంగి యజమాని దొంగయని ఆ రసీదు పుచ్చుకొనుట లేదు. తాను మరచినను, యజమాని మరచినను, గుమాస్తా మారినను బస్తా మాత్రము పోకుండుటకై పుచ్చుకొనుచున్నాడు. మన పిల్లవాడు మిరపబస్తా పాటి చేయడా?

క్రైస్తవ కుటుంబములవారికి దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక సంఘమును విడచి వేరొక ఊరి సంఘమున చేరబోవు సభ్యుని చేతికి పాదిరిగారు పత్రిక యిచ్చి పంపుట మన వాడుకయే. అందుచేత ఆ రెండు సంఘముల మధ్య అపనమ్మకమున్నదని ఎవరును అనుకొనరు. పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక మనమందరము చదివినదే. అది యొక మనిషివెంట పోయిన చీటియే గదా! ఒనేసిమును పంపుచు, వానిని తన్ను చేర్చుకొన్నట్లే చేర్చుకొనుమనియు, వానివలన ఏమైన నష్టముండినచో తన లెక్కలో వేయుమనియు, అట్లని స్వహస్తముతో వ్రాయుచున్నాననియు అపొస్తలుడు తెలిపెను. ఫిలేమోను ఆయనకు పరాయివాడు కాడు, ప్రియుడైన స్నేహితుడు. స్నేహితునికే వ్రాసెను, స్నేహమున్నను వ్రాసెను. బందీగృహమునందున్నవానికే అంత తీరిక దొరకగా, ఇంటి అరుగుపై కూర్చున్న మాకు ఒక అరఠావు కాగితము దొరకకపోయెను.

అయినచో ఆ చీటిలో ఏమి యుండవలెను? మేము కొన్ని సంస్థల పత్రములను తెప్పించి చూచితిమి. విదేశములలో చిన్నపిల్లల క్లబ్బులు వాడునవికూడ కొన్ని చూచితిమి. వానియందు మాకు లోపముగా తోచినది, ప్రశ్నలన్నియు జట్టు తరపున ఉండుటయే. ఆటగాడు ఎవరివాడు, ఎవరికి పోవుచున్నాడు, ఎవరు అనుమతించిరి అని అడుగుదురే గాని, వాడు రాత్రి ఎచ్చట పరుండును అని అడుగరు. మా దృష్టిలో మొదటి ప్రశ్న అదియే. వాడుండు ఇల్లు ఎవరిది, ఆ యింటి పెద్ద ఫోను నంబరేది, దెబ్బ తగిలినచో ఎవరు ఎవరికి కబురు చేయవలెను, ఆసుపత్రి ఖర్చు ఎవరిది. ఈ చివరి మాట అడుగుటకు మొగమాటము. ముందుగా అడుగ మొగమాటపడి, తరువాత ఆసుపత్రి వరండాలో పదిమంది యెదుట వాదులాడుకొనుటకంటె, ముందే అడుగుట మర్యాద.

రెండవది తిరిగి వచ్చు తేదీ, గంటతో సహా. పోటీ ముగియువరకు అని వ్రాయరాదు. జట్టు ముందే ఓడినచో ఆనాడే పిల్లవానిని ఇల్లు చేర్చవలెనని స్పష్టముగా నుండవలెను. మూడవ జట్టునకు ఈయరాదను పంక్తిని మేము పెద్ద అక్షరములతో వ్రాయించితిమి.

వాని పేరు వాని పేరే. ఈ విషయమున మేము కొంచెము కటువుగ మాటాడుదుము, క్షమింపవలెను. అబద్ధమాడరాదని ఆదివారపు బడిలో వల్లెవేయించి, సోమవారమునాడు వేరొకని పేరుతో, వేరొకని వయస్సుతో బాలుని మైదానమున నిలుపుచున్నాము. ఆ పేరుతో పిలిచినపుడు పలుకుమని వానికి తర్ఫీదు కూడ ఇచ్చుచున్నాము! కప్పు గెలిచి వచ్చినపుడు ఫొటోలో నిలిచిన ఆ పిల్లవాడు ఎవడు? తల్లికి చూపి ఇది నేనే యని చెప్పుకొనవచ్చునా? పేరు తప్పించి ఆడించినవాని ఎముక విరుగుట ఒక్కటే నష్టమని మొదట మేమనుకొంటిమి. ఆసుపత్రిలో కంపౌండరు పేరడిగినపుడు మనవాడు ఏ పేరు చెప్పవలెనో తెలియక మా మొగము చూచెను. అది ఎముకకంటె ఎక్కువగా మాకు గుర్తున్నది.

తల్లిదండ్రుల సంతకమను చోట తల్లి సంతకమొక్కటియు చాలును అని వ్రాసితిమి. వేటకు పోయిన తండ్రి ఎప్పుడు ఒడ్డు చేరునో సముద్రమునకే తెలియును. మిరపకోతల కాలమున తల్లియు తండ్రియు ఇద్దరును కూలికి దూరపుటూళ్లకు పోయి, పిల్లలను అవ్వ దగ్గర విడచు ఇండ్లు మా తరగతులలో ఎన్నియో గలవు. అట్టి యింట అవ్వ వేలిముద్ర చాలదని ఏ నిబంధన యన్నను మేమొప్పుకొనము. అవ్వకు చీటి చదివి వినిపించి, ఫోనులో తల్లితో ఒక మాట మాటాడించి ముద్ర వేయించవలెను. అంతే.

పిల్లవాని సంతకమునకు చట్టములో విలువ లేదు. ఐనను దానికొక గీత గీసితిమి. “నాకు ఇష్టమే” అని వాడు తన చేతితో వ్రాయవలెను. కొందరు వ్రాయరు. ఈ యేడు ఒకడు కలము పట్టుకొని చాలసేపు ఊరకుండి, “మా చెల్లికి ఒంట్లో బాగాలేదు, నేను పోనండీ” అనెను. ఆ మాట వాడు అడుగనిదే చెప్పెడివాడు కాడు.

ఇంకొక ప్రశ్నను మేము చేర్చగా, ఇది మీకేల యని కొందరు కోపపడిరి. ఎరువు తెచ్చుకొను జట్టు, వచ్చినవాని కొరకు తమవారిలో ఎవనిని కూర్చుండబెట్టుచున్నదో వ్రాయవలెనని మా కోరిక. పదునొకండుమందియే కదా ఆడుట! బయటినుండి ఒకడు చేరినపుడు, ఏడాదిపొడుగున ఉదయము లేచి పరుగెత్తినవాడొకడు గీత బయట నీళ్లసీసాలు మోయుచు నిలుచును. జట్టున నిజముగా ఒకడు తక్కువైనపుడు ఎరువు ధర్మము. తమ పిల్లవాని ప్రక్కకు నెట్టి కప్పుకొరకు తెచ్చునది ధర్మము కాదు. ఆ బాలుని పేరు కాగితముపై వ్రాయవలసివచ్చినచో పెద్దలకు కొంచెము చేయి వణకునని మా యాశ. మా వైపున చూచినను, మేటి ఆటగాడు లేని ఆ నాలుగు దినములలో మా జట్టున ఎప్పుడును బయటనే యుండు ఒక నల్లకుర్రవాడు మొదటిసారి ఆడెను. మొదటి ఆటలో ఏమియు చేయలేదు. రెండవ ఆటలో వానిని దాటి ఎవరును బంతిని తీసికొనిపోలేకపోయిరి. ఇచ్చుటలో ఈ లాభము గలదని మాకు తెలియదు.

బాలికల జట్టు విషయమున వెంట ఉపాధ్యాయురాలు లేక తల్లులలో ఒకరు పోవలెను, లేనిచో చీటియే లేదు. దీనిపై చర్చ లేదు.

ఇంతవరకు కాగితము పక్షమున వాదించితిమి. ఇక దానిని తిట్టవలసియున్నది. పత్రము పెరుగుట మొదలుపెట్టినచో మిరపచేనిలో గడ్డివలె పెరుగును. ఆధారు నకలు, పుట్టినతేదీ పత్రము, రెండు ఫొటోలు, వైద్యుని పత్రము, దానిపై ముద్ర, ముద్రపై సంతకము. ఒక చోట ఇంటిపేరు ముందు, మరియొక చోట వెనుక. ఒక చోట జూన్, ఇంకొక చోట జూలై. దీనికై పిల్లవాని తండ్రి ఒకదినపు వేట మానుకొని కార్యాలయముల చుట్టు తిరుగును. అంతయు అయిన పిదప ఒక అక్షరము తేడా వచ్చినదని పిల్లవానిని గీత బయట నిలుపుదురు. పెద్ద పోటీలలో వయస్సు దాచువారుండుటచే అవి కొంత అవసరమని ఒప్పుకొందుము. కాని పండుగనాటి మూడు దినముల ఆటకు అంత దస్త్రము పెట్టినచో, పేదవాని పిల్లవాడు ముందు రాలిపోవును. మిగిలినవారు దొంగత్రోవ వెదకుకొందురు. కావున అరఠావు కాగితము, ఒకవైపు మాత్రమే, ముద్ర లేదు, ఫొటో లేదు. రెండు ప్రతులు, ఒకటి తల్లివద్ద, ఒకటి ఎరువు తీసికొన్న పెద్దవద్ద. అది వ్రాయుటకు పదినిమిషములు పట్టును. అంతకంటె ఎక్కువ పట్టినచో మా చీటిలోనే దోషమున్నదని మాకు తెలుపవలెను.

ఆట నేర్పువానికి ఈ వ్రాతకోతలేల యని మా వ్యాయామోపాధ్యాయులలో యువకులైనవారు విసుగుకొనిరి. వారికి సయ్యద్ అబ్దుల్ రహీంగారిని జ్ఞప్తి చేసితిమి. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలయందు స్వర్ణపతకములు పొందెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవస్థానమున నిలిచెను. ఇంతటి వాడు మనవంటి బడిపంతులే, హైదరాబాదు పాఠశాలలలో పాఠములు చెప్పినవాడే. అంతేకాదు, 1943 మొదలుకొని 1963లో మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు ఆయనయే కార్యదర్శి. కార్యదర్శి యనగా చీటీలు వ్రాయువాడని వేరుగ చెప్పవలెనా? ఇరువదియేండ్లు ఆయన ఈ రెండు పనులను విడదీయలేదు.

మా చీటి ఈ యేడు సంక్రాంతికి మొదటిసారి వాడుకలోనికి వచ్చెను. మూడు జట్లవారు పిల్లలనడిగిరి. ఒకరు చీటి చూచి, ఇంత గొడవయైనచో మాకక్కరలేదని మోటారు సైకిలు త్రిప్పుకొని పోయిరి. పొరుగువారితో స్నేహము చెడెనని మా పెద్ద మిత్రులు నొచ్చుకొనిరి. మాకును బాధయే. వారు మరల వచ్చిన ఆదరముతో కూర్చుండబెట్టి చీటియే ముందు పెట్టుదుము. రెండవవారడిగిన బాలుడు ఇష్టము లేదనినవాడు, పైన చెప్పితిమి. మూడవవారు అరుగుపై కూర్చుండి, కళ్లజోడు పెట్టుకొని మొదటి అక్షరమునుండి చదివి, ఖర్చు గీతకడ కొంచెమాగి సంతకము చేసిరి.

ఆ బాలుడు 17వ తేదీ సాయంకాలము ఆరు గంటలకు రావలసియుండగా ఆరున్నరకు వచ్చెను. బస్సు ఆలస్యమట. వాని తల్లి తన ప్రతిని తెచ్చి మాకిచ్చెను. వాడును తన వెంట వచ్చిన పెద్దను అడిగి రెండవ ప్రతిని తెచ్చెను. దాని వెనుకవైపున ఆడిన మూడు ఆటలును, వేసిన గోలులును పెన్సిలుతో వ్రాసికొనియుండుటచే, తల్లి ప్రతిని మాత్రము దస్త్రమున పెట్టి, దానిని వానికే ఇచ్చివేసితిమి.